ఏజెంట్ ఆరు నెలల్లో రెండో పాస్‌పోర్ట్ ఇప్పిస్తానంటున్నాడు, తీసుకోవాలా?

ప్రశ్న: నమస్కారం అండీ. నా వయసు 39. తొమ్మిదేళ్ళుగా విదేశంలో ఉద్యోగం చేస్తున్నాను. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు ఇక్కడ వర్క్ పర్మిట్ మీద ఉంటున్నాం. ఆఫీసు పని మీద ఏడాదికి పదిసార్లయినా వేరే దేశాలకు వెళ్ళాలి. వెళ్ళిన ప్రతిసారీ వీసా, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వేలిముద్రలు. పాస్‌పోర్ట్ ఒక కాన్సులేట్‌లో మూడు వారాలు ఉండిపోతే ఇంకో ప్రయాణం పోతుంది. పైగా ఉద్యోగం పోతే కుటుంబం మొత్తం సర్దుకుని వెళ్ళిపోవాలి కదా అనే టెన్షన్ రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వడం లేదు. ఈమధ్య ఒక ఏజెంట్ కలిశాడు. ఒక ద్వీప దేశం పాస్‌పోర్ట్ ఆరు నెలల్లో వస్తుందని, అక్కడ ఒక్క రోజు కూడా ఉండక్కర్లేదని, ఇప్పుడున్న పాస్‌పోర్ట్ కూడా ఉంచుకోవచ్చని, ‘మీరు చెప్పకపోతే ఎవరికీ తెలియదు’ అని అంటున్నాడు. మేం దాచుకున్న దాంట్లో చాలా భాగం దీనికే అయిపోతుంది. తీసుకోమంటారా? రెండు పాస్‌పోర్ట్‌లు ఉంటే ఎయిర్‌పోర్ట్‌లో ఏది చూపించాలి? పిల్లలకు కూడా వస్తుందా?

జవాబు: ఆ ఏజెంట్‌కి అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. కనీసం ఇది పూర్తిగా చదివేదాకా ఆగండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ఒకే సమస్య అనుకుంటున్నారు గానీ అందులో మూడున్నాయి. ప్రతి ప్రయాణానికీ వీసా కావాల్సి రావడం ఒకటి. పాస్‌పోర్ట్ కాన్సులేట్‌లో ఉండిపోయి మిగతా ప్రయాణాలు ఆగిపోవడం రెండోది. ఉద్యోగం పోతే ఉండే హక్కు కూడా పోవడం మూడోది, మీకు నిద్ర పట్టనివ్వనిది నిజానికి ఇదే. ఏజెంట్ అమ్ముతున్న పాస్‌పోర్ట్ మొదటిదాన్ని కొంతవరకు తీరుస్తుంది. రెండోది తీరాలంటే అంత ఖర్చు అక్కర్లేదు. మూడోదానికి మాత్రం అది ఏమాత్రం పనికి రాదు, ఎందుకంటే మీరు ఎప్పుడూ చూడని ఒక ద్వీపానికి పౌరులైనంత మాత్రాన మీ పిల్లలు చదువుకుంటున్న దేశంలో ఉండే హక్కు రాదు. అక్కడ అప్పుడు కూడా మీరు వర్క్ పర్మిట్ మీద ఉన్న విదేశీయులే.

రెండోదాన్ని ముందు తేల్చేద్దాం, తేలిక కాబట్టి. రెండో పాస్‌పోర్ట్ అంటే రెండో పౌరసత్వమే అని చాలామంది అనుకుంటారు. కానీ కొన్ని దేశాలు తరచూ ప్రయాణించే తమ పౌరులకు అదే పౌరసత్వం మీద రెండో పుస్తకం ఇస్తాయి. అమెరికా అలా ఇచ్చే రెండో పుస్తకం గరిష్ఠంగా నాలుగేళ్ళు చెల్లుతుంది. బ్రిటన్, జర్మనీ కూడా తగిన కారణం చూపిస్తే ఇస్తాయి. ఒకటి వీసా కోసం కాన్సులేట్‌లో ఉంటే రెండోదానితో ప్రయాణం చేయవచ్చు. మీ దేశం ఇస్తుందో లేదో మీ కాన్సులేట్‌ని అడగండి, ఆఫీసు నుంచి ప్రయాణాల వివరాలతో లెటర్ తీసుకెళ్ళండి. ఇవ్వకపోతే దీర్ఘకాలపు మల్టిపుల్ ఎంట్రీ వీసాలు అడగండి. యూరప్‌లో చాలా దేశాలకు ఒక్కటే సరిపోయే షెంగెన్ వీసా మంచి రికార్డు ఉన్నవాళ్ళకి ఐదేళ్ళ వరకు ఇస్తారు, బ్రిటన్ విజిటర్ వీసా రెండు, ఐదు, పదేళ్ళకు కూడా ఉంది. ప్రతిసారీ ఒక్క ప్రయాణానికే అప్లై చేస్తూ ఏళ్ళ తరబడి ఇబ్బంది పడేవాళ్ళని చాలామందిని చూశాను, ఎక్కువ కాలానికి అడగవచ్చని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

ఇక అసలు విషయం. ‘మీరు చెప్పకపోతే ఎవరికీ తెలియదు’ అన్నాడే, ఆ మాట చదివి నాకు కోపం వచ్చింది. మీ పాస్‌పోర్ట్ ఏ దేశానిదో మీరు రాయలేదు. కానీ మీరు మొట్టమొదట చూడాల్సింది అక్కడి చట్టమే, కొత్తగా ఇచ్చే దేశం చట్టం తరువాతి సంగతి. కొత్త దేశం ‘మా వైపు నుంచి అభ్యంతరం లేదు, రెండూ ఉంచుకోండి’ అంటుంది, అది నిజమే. ఆ మాట పాత దేశం కూడా అనాలి కదా. సింగపూర్, చైనా పెద్దవాళ్ళ ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోవు. జపాన్ చట్టం కూడా అంతే, కావాలని వేరే పౌరసత్వం తీసుకుంటే జపాన్ పౌరసత్వం పోతుంది. భారత్‌లో 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం కూడా అదే జరుగుతుంది, ఆ తరువాత పాత పాస్‌పోర్ట్ అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి, కావాలంటే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు అప్లై చేసుకోవచ్చు. ఓసీఐ పేరులో పౌరసత్వం అనే మాట ఉన్నా ఓటు హక్కు ఉండదు, వ్యవసాయ భూమి కొనే హక్కు ఉండదు. దానికి భిన్నంగా జర్మనీ 2024 జూన్ 27 నుంచి ఎన్ని పౌరసత్వాలున్నా ఫరవాలేదంటోంది. బ్రిటన్, కెనడా, అమెరికా ఎప్పటినుంచో ఒప్పుకుంటున్నాయి. అంటే వేరే దేశం వాళ్ళకి చెల్లింది మీకు చెల్లాలని లేదు.

ఇక్కడ చాలామందికి అర్థం కాని సంగతి ఒకటుంది. ఇలాంటి చాలా దేశాల్లో పాత పౌరసత్వం పోవడానికి ఎవరూ మిమ్మల్ని పట్టుకోవాల్సిన పని లేదు. నోటీసు రాదు, విచారణ ఉండదు. కొత్త పౌరసత్వం వచ్చిన రోజునే చట్టప్రకారం పాతది పోతుంది. ఆ తరువాత మీ చేతిలో ఉన్న పాత పాస్‌పోర్ట్ చూడ్డానికి బాగానే ఉంటుంది, గడువు ఇంకా ఆరేళ్ళు ఉండొచ్చు, కానీ దాన్ని వాడటమే నేరం అవుతుంది. మీరు ‘దాచిపెట్టడం’ మొదలుపెట్టిన క్షణం నుంచి ప్రతి ప్రయాణం, ప్రతి రెన్యువల్ ఫారం ఒక కొత్త అబద్ధం. ఆ ఫారాల్లో ‘మీకు వేరే దేశ పౌరసత్వం ఉందా, గతంలో ఉండేదా’ అనే ప్రశ్న ఎక్కడో ఒకచోట ఉంటుంది. అమెరికా వీసా ఫారంలోనూ ఉంది. కెనడాకు అప్లై చేసేటప్పుడు ఇలాంటిది దాచిపెట్టి దొరికితే ఐదేళ్ళు మళ్ళీ అప్లై చేయడానికి లేదు.

పైగా తెలియకుండా ఉండే రోజులు పోయాయి. యూరప్‌లో 2025 అక్టోబర్ 12 నుంచి ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్ మొదలైంది. షెంగెన్‌కి వచ్చే బయటి దేశాల వాళ్ళకి స్టాంపులకు బదులు ముఖం ఫొటో, వేలిముద్రలు తీసుకుంటున్నారు. అక్కడ 180 రోజుల్లో 90 రోజులు మించి ఉండకూడదనే లెక్క మనిషికి, పుస్తకానికి కాదు. ఒక పాస్‌పోర్ట్ మీద 90 రోజులు ఉండి, బయటకు వెళ్ళి రెండో పాస్‌పోర్ట్ మీద మళ్ళీ 90 రోజులు ఉండొచ్చు అని ఏజెంట్లు చెప్పే చిట్కా మొదటినుంచీ చట్టవిరుద్ధమే, ఇప్పుడు వేలిముద్ర దగ్గరే బయటపడిపోతుంది.

ఇప్పుడు ఆ ద్వీప దేశాల సంగతి. ఇది మోసమని నేను అనను. కరీబియన్‌లో ఐదు దేశాలు, సెయింట్ కిట్స్ అండ్ నెవిస్, డొమినికా, గ్రెనడా, ఆంటిగ్వా అండ్ బార్బుడా, సెయింట్ లూసియా, చట్టబద్ధంగానే డబ్బు తీసుకుని పౌరసత్వం ఇస్తున్నాయి. సెయింట్ కిట్స్ 1984 నుంచి ఇస్తోంది. 2024లో వీటిలో నాలుగు దేశాలు మాట్లాడుకుని కనీస మొత్తం 2,00,000 డాలర్లు ఉండాలని ఒప్పందం చేసుకున్నాయి. కాబట్టి అందులో సగానికే ఇప్పిస్తానని ఎవరైనా అంటే ఆ మాటతోనే లేచి వచ్చేయండి. ఈ దేశాలకు అధికారిక యూనిట్లు, లైసెన్స్ ఉన్న ఏజెంట్ల జాబితాలు ఉంటాయి, మీ ఏజెంట్ పేరు గానీ, అతను పనిచేయిస్తున్న ఆ దేశపు సంస్థ పేరు గానీ ఆ జాబితాలో ఉందో లేదో చూడండి. పేరు లేకపోతే మాట్లాడాల్సింది ఏమీ లేదు.

పేరు ఉన్నా, అంతా సక్రమమే అయినా నాకున్న అనుమానం వేరు. ఆ పాస్‌పోర్ట్ మీరు కొనేది దాని మీద వేరే దేశాలు వీసా లేకుండా రానిస్తాయని. ఆ రానివ్వడం అమ్మిన దేశం చేతుల్లో లేదు, వాళ్ళు దానికి గ్యారంటీ ఇవ్వలేరు. డబ్బుకు పౌరసత్వం ఇచ్చే పసిఫిక్ ద్వీప దేశం వనువాటు సంగతి చూడండి. డబ్బుకు పౌరసత్వం ఇచ్చే పద్ధతి మీద అభ్యంతరంతో యూరోపియన్ యూనియన్ 2022లో ముందు కొన్ని పాస్‌పోర్ట్‌లకు, తరువాత మొత్తానికి వీసా మినహాయింపు ఆపేసి, 2024 డిసెంబర్‌లో పూర్తిగా తీసేసింది. బ్రిటన్ 2023 జూలైలో వనువాటుకు, డొమినికాకు కూడా వీసా పెట్టింది. యూరప్‌లో వీసా లేకుండా తిరగొచ్చని వనువాటు పాస్‌పోర్ట్ తీసుకున్నవాళ్ళు ఇప్పుడు మళ్ళీ వీసా క్యూలో ఉన్నారు, కట్టిన డబ్బు మాత్రం వెనక్కి రాదు. యూరప్ లోపల కూడా ఇంతే, సైప్రస్ 2020 నవంబర్‌లో తన పథకం ఆపేసింది, మాల్టా పథకం చట్టవిరుద్ధమని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2025 ఏప్రిల్ 29న తీర్పు చెప్పింది. ఇది ఏ వైపు వెళ్తోందో మీకే తెలుస్తుంది.

దీనికి సంబంధించి ఒక పాత కేసు ఉంది, మీలాంటి పరిస్థితిలో ఉన్న ప్రతివాళ్ళకీ నేను ఇది చెబుతాను. నోటెబామ్ అనే జర్మన్ వ్యాపారి 1905 నుంచి గ్వాటెమాలాలో ఉండేవాడు. ఇల్లు, వ్యాపారం అన్నీ అక్కడే. 1939లో యుద్ధం మొదలయ్యాక, జర్మన్ పౌరుడిగా ఉంటే ఇబ్బందని, చిన్న దేశం లీక్టెన్‌స్టైన్ పౌరసత్వం తీసుకున్నాడు. అక్కడ మూడేళ్ళు ఉండాలనే షరతు ఉంటే ఫీజు, పన్ను కట్టాడు, షరతు సడలించారు. తిరిగి గ్వాటెమాలా వచ్చి మామూలుగా ఉండసాగాడు. 1943లో అతన్ని పట్టుకుని అమెరికాలో నిర్బంధ శిబిరానికి పంపారు, ఆస్తులు పోయాయి. అతని తరఫున లీక్టెన్‌స్టైన్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్తే, 1955లో తీర్పు అతనికి వ్యతిరేకంగా వచ్చింది. ఆ దేశంతో అతనికి నిజమైన సంబంధం లేదు కాబట్టి ఆ పౌరసత్వాన్ని గ్వాటెమాలా లెక్కలోకి తీసుకోనక్కర్లేదు అన్నారు. ఆ తీర్పు మీద న్యాయవాదులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు, నేను దాన్ని అన్ని చోట్లా వర్తించే సూత్రంలా చెప్పడం లేదు. కానీ ఆ మనిషి పరిస్థితి ఆలోచించండి. సరిగ్గా అవసరమైన రోజున ఆ పాస్‌పోర్ట్ అతన్ని ఆదుకోలేదు.

రెండు పౌరసత్వాలు ఉన్నవాళ్ళకి ఎంబసీ సహాయం విషయంలో కూడా ఇలాంటి పరిమితి ఉంది. మీకు రెండు దేశాల పౌరసత్వం ఉండి, వాటిలో ఒక దేశంలో మీరు ఇబ్బందుల్లో పడితే, రెండో దేశం పెద్దగా చేయగలిగింది ఉండదు. 1930 హేగ్ ఒప్పందం నాలుగో ఆర్టికల్ కూడా అదే అంటుంది. ఇరాన్, చైనా లాంటివి తమ పౌరుల రెండో పౌరసత్వాన్ని గుర్తించనే గుర్తించవు, అరెస్టయితే రెండో దేశపు కాన్సులేట్ వాళ్ళని కలవనివ్వకపోవచ్చు. పుట్టిన దేశం నుంచి భయం ఉండి రెండో పాస్‌పోర్ట్ తీసుకునేవాళ్ళు ఇది ముందే తెలుసుకోవాలి, మూడో దేశంలో అది అండగా ఉంటుంది గానీ ఆ పుట్టిన దేశంలోనే అడుగుపెడితే ఉండదు.

మీ మూడో సమస్యకు, అంటే ఉండే హక్కుకు, మందు మీరు ఉంటున్న చోటే ఉంది. తొమ్మిదేళ్ళు ఒకే దేశంలో ఉన్నారు. శాశ్వత నివాసానికి, అంటే పీఆర్‌కి, అర్హత ఎప్పుడో వచ్చి ఉండొచ్చు. ఎందుకు అప్లై చేయలేదో రాయలేదు. గల్ఫ్‌లో ఉంటున్నారేమో అనుకుంటున్నాను, అక్కడైతే ముప్పై ఏళ్ళున్నా మామూలు ఉద్యోగికి పౌరసత్వం రావడం చాలా చాలా అరుదు, ఆ దారి మీద ఆశ పెట్టుకోవద్దు. వేరే చోటైతే రోజుల లెక్క వెంటనే మొదలుపెట్టండి. కెనడాలో పౌరసత్వం కావాలంటే పీఆర్ ఉండి, అప్లై చేసే ముందు ఐదేళ్ళలో 1,095 రోజులు అక్కడ ఉండాలి. జర్మనీలో ఇప్పుడు ఐదేళ్ళు, బీ1 స్థాయి జర్మన్ భాష, అంటే రోజువారీ విషయాలు మాట్లాడగలిగేంత. అమెరికాలో గ్రీన్ కార్డు తరువాత ఐదేళ్ళు, అందులో కనీసం 30 నెలలు దేశంలో ఉండాలి, ఒకేసారి ఆరు నెలలు దాటి బయట ఉంటే లెక్క చెడుతుంది. బ్రిటన్‌లో మామూలుగా ఐదేళ్ళ లెక్కలో 450 రోజులు, చివరి ఏడాదిలో 90 రోజులు మించి బయట ఉండకూడదు.

ఇక్కడ మీకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. ఏడాదికి పది ప్రయాణాలు అన్నారు. ఒక్కోటి పన్నెండు రోజులనుకున్నా ఏడాదిలో నాలుగు నెలలు బయటే! మీలాంటివాళ్ళకి పౌరసత్వం ఆగిపోయేది ఎక్కువగా దీని దగ్గరే. ఈరోజే ఒక పట్టిక పెట్టండి, వెళ్ళిన తేదీ, వచ్చిన తేదీ, ఏ దేశం, ఎందుకు. పాత బోర్డింగ్ పాస్‌లు, టికెట్ల ఈమెయిల్స్, స్టాంపులున్న పేజీల ఫొటోలు అన్నీ దాచండి. పాత పాస్‌పోర్ట్‌లు పారేయకండి. స్టాంపులు తగ్గిపోతున్న ఈ రోజుల్లో ఎప్పుడు ఎక్కడ ఉన్నారో నిరూపించుకోవడం మీ పనే.

ఏజెంట్ దగ్గరకు వెళ్ళే ముందు మీ తాతలు, అమ్మమ్మ నాయనమ్మలు ఎక్కడ పుట్టారో కూడా ఒకసారి చూసుకోండి, మీ భార్య వైపు కూడా. ఐర్లండ్‌లో తాతో అమ్మమ్మో పుట్టి ఉంటే మనవలు పేరు నమోదు చేయించుకుని పౌరులు కావచ్చు. ఇటలీ ఒకప్పుడు ఎన్ని తరాల వెనక్కైనా ఒప్పుకునేది, 2025 మార్చి 28 నుంచి దాదాపుగా రెండు తరాలకు కుదించింది. ఇలాంటి దారి ఉంటే దీనికంటే చౌకైనది ఇంకోటి లేదు, పైగా అది మీరు కొన్నది కాదు, మీకు చెందినదే.

సరే, ఎయిర్‌పోర్ట్ ప్రశ్న. ఇది రెండూ చట్టబద్ధంగా ఉంచుకోగలిగినవాళ్ళకే వర్తిస్తుంది. పద్ధతి కష్టమేమీ కాదు. ఏ దేశంలోకి ఏ పాస్‌పోర్ట్‌తో వెళ్ళారో ఆ దేశం నుంచి అదే పాస్‌పోర్ట్‌తో బయటకు రావాలి. మీరు ఏ దేశానికి పౌరులో ఆ దేశంలోకి ఆ దేశపు పాస్‌పోర్ట్‌తోనే వెళ్ళాలి. అమెరికా తన పౌరులకు ఈ నియమం పెట్టింది, కెనడా ద్వంద్వ పౌరులకైతే చెల్లుబాటయ్యే కెనడా పాస్‌పోర్ట్ లేకపోతే విమానం ఎక్కడమే కష్టం. గందరగోళం వచ్చేది చెకిన్ కౌంటర్ దగ్గర. అక్కడి ఉద్యోగికి కావాల్సింది మీరు దిగే దేశంలోకి మిమ్మల్ని రానిస్తారా లేదా అన్నదే, లేకపోతే జరిమానా ఎయిర్‌లైన్స్ మీద పడుతుంది. కాబట్టి కౌంటర్‌లో దిగే దేశానికి పనికొచ్చే పాస్‌పోర్ట్ చూపించండి, ఆన్‌లైన్ చెకిన్‌లోనూ అదే నంబర్ ఇవ్వండి. తరువాత బయటకు పంపే ఇమ్మిగ్రేషన్ దగ్గర, మీరు ఆ దేశంలోకి వచ్చినప్పుడు వాడినది ఇవ్వండి. వీసా ఎక్కడుంది అని ఆ ఆఫీసర్ అడిగితే రెండోది కూడా చూపించండి. ఒప్పుకునే దేశాల్లో ఇందులో దాచేదేమీ లేదు, కంగారు పడి తడబడితేనే వాళ్ళకి అనుమానం వస్తుంది. దిగాక, కౌంటర్‌లో చూపించిన పాస్‌పోర్టే చూపించండి. మధ్యలో మూడో దేశంలో విమానం మారుతుంటే, అక్కడికి ట్రాన్సిట్ వీసా అక్కర్లేనిది ఏదో ముందే చూసుకోండి.

ప్రయాణంలో రెండూ వెంట ఉంచుకోండి, కానీ ఒకే సంచిలో కాదు. ఒకటి పోయిందని ఫిర్యాదు ఇచ్చాక అది మళ్ళీ దొరికితే సంతోషపడి వాడేయకండి. పోయిన, దొంగిలించిన పాస్‌పోర్ట్‌ల వివరాలు దేశాలు ఇంటర్‌పోల్ డేటాబేస్‌కి పంపుతాయి, అందులో ఎక్కిన నంబర్‌తో బోర్డర్ దగ్గరకు వెళ్తే మీ పాస్‌పోర్ట్‌కి మీరే దొంగ అవుతారు. గడువు కూడా రెండింటికీ చూసుకుంటూ ఉండాలి, చాలా దేశాలు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. పీఆర్ కార్డు, వర్క్ పర్మిట్ పాత పాస్‌పోర్ట్ నంబర్‌తో ముడిపడి ఉంటాయి కదా, కొత్తది రాగానే అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖకు, ఆఫీసుకు, బ్యాంకుకు చెప్పాలి.

పేరు గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే నేను పడ్డాను. నా పౌరసత్వం అప్లికేషన్ ఎనిమిది నెలలు ఆగిపోయింది ఒక్క అక్షరం కోసం. జనన ధ్రువపత్రంలో నా పేరు ఒకలా, పాస్‌పోర్ట్‌లో ఇంకోలా ఉంది, డిగ్రీ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, మిగతాచోట్ల వెనక. పేరు రాసే పద్ధతి దేశానికో రకంగా ఉంటుంది, కొన్నిచోట్ల ఇంటిపేరే ఉండదు, మరి ఫారంలో ఆ గడి ఖాళీగా వదలడానికి వీల్లేదు. రెండు పాస్‌పోర్ట్‌లలో రెండు రకాల పేర్లు వస్తే విమానం టికెట్ దగ్గర నుంచి బ్యాంకు ఖాతా దాకా ప్రతిచోటా ‘ఈ ఇద్దరూ ఒక్కరే’ అని నిరూపించుకుంటూ బతకాలి. కాబట్టి అప్లై చేయడానికి ముందే మీ కాగితాలన్నీ బల్ల మీద పరిచి ఒక్కో అక్షరం పోల్చి చూడండి, సరిచేయించాల్సినవి పుట్టిన దేశంలోనే సరిచేయించండి, దానికే నెలలు పడుతుంది. పిల్లల కాగితాల్లో మీ పేర్లు ఎలా పడ్డాయో కూడా చూడండి.

కాగితాల్లో రెండోది అపోస్టిల్. ఒక దేశం ఇచ్చిన పత్రాన్ని ఇంకో దేశం నమ్మడానికి వేసే ముద్ర అది, 1961 హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య ఒక్క ముద్రతో పని అయిపోతుంది. చైనా 2023 నవంబర్‌లో, కెనడా 2024 జనవరిలో అందులోకి వచ్చాయి. ఒప్పందంలో లేని దేశమైతే ఎంబసీ దాకా ఒక్కో మెట్టు ఎక్కాలి. మీ మీద కేసులు లేవని చెప్పే పోలీస్ క్లియరెన్స్ మాత్రం చివర్లో తీసుకోండి, ముందే తీసుకుంటే మిగతావి సిద్ధమయ్యేలోపు గడువు అయిపోతుంది. మీరు ఆరు నెలలో ఏడాదో ఉన్న ప్రతి దేశం నుంచీ అది అడగవచ్చు.

కొత్త పౌరసత్వంతో వచ్చే బరువులు కూడా ఉంటాయి, ఏజెంట్లు వాటి గురించి మాట్లాడరు. అమెరికా పౌరులు ప్రపంచంలో ఎక్కడ ఉన్నా ఆదాయం మీద అమెరికాకు రిటర్న్ వేయాలి, బయటి బ్యాంకు ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజు 10,000 డాలర్లు దాటినా ఆ వివరాలు విడిగా ఇవ్వాలి. అమెరికా కాకుండా పౌరసత్వాన్ని బట్టి పన్ను అడిగేది దాదాపు ఎరిట్రియా ఒక్కటే. మిగతా దేశాల్లో పన్ను మీరు ఎక్కడ నివసిస్తున్నారనే దాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ద్వీపం పాస్‌పోర్ట్ తీసుకుంటే పన్ను తగ్గుతుందని అతను చెప్పి ఉంటే అది తప్పు, మీరు నివసించే చోటు మారలేదు కదా. ఊరికే వదిలేస్తే పోయే పౌరసత్వాలు కూడా ఉన్నాయి. నెదర్లాండ్స్ పౌరుడికి ఇంకో పౌరసత్వం ఉండి, యూరోపియన్ యూనియన్ బయట 13 ఏళ్ళు ఉండి, ఈలోపు పాస్‌పోర్ట్ రెన్యువల్ చేయించుకోకపోతే అది పోతుంది. ఐర్లండ్‌లో అప్లై చేసి పౌరులైనవాళ్ళు విదేశంలో ఉంటే, ఉంచుకోవాలనుకుంటున్నానని ఏటా తెలియజేయాలి.

పిల్లల విషయం నాకు అన్నిటికంటే ముఖ్యం. మీతో పాటు చిన్నపిల్లలకు కూడా పౌరసత్వం ఇచ్చే దేశాలే ఎక్కువ, ఫీజు తలకింత ఉంటుంది. కానీ ఇచ్చే దేశంలో సైన్యంలో చేరడం తప్పనిసరా అని అడగండి. దక్షిణ కొరియాలో ద్వంద్వ పౌరసత్వం ఉన్న అబ్బాయి 18 ఏళ్ళు నిండే సంవత్సరం మార్చి 31లోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి, దాటిపోతే సైనిక సేవ తేలేదాకా ఆ పౌరసత్వం వదులుకోవడం చాలా కష్టం. సింగపూర్‌లో రెండో తరం పీఆర్ అబ్బాయిలకు, అంటే తల్లిదండ్రుల ద్వారా పీఆర్ వచ్చినవాళ్ళకు కూడా నేషనల్ సర్వీస్ అనే తప్పనిసరి సైనిక సేవ ఉంది. పదేళ్ళ పిల్లాడి తరఫున మీరు ఈరోజు పెట్టే సంతకం వాడి పద్దెనిమిదో ఏట బయటపడుతుంది. మీ పాత పౌరసత్వం పోతే పిల్లలది కూడా పోతుందా, పెద్దయ్యాక తిరిగి తీసుకునే వీలుందా అన్నది కూడా అక్కడి చట్టంలోనే ఉంటుంది, చదవండి. మరీ చిన్నపిల్లలతో దీని గురించి మాట్లాడటం కుదరదు గానీ, పద్నాలుగు పదిహేను దాటిన పిల్లలుంటే కూర్చోబెట్టి చెప్పండి.

ఎప్పుడూ చేయకూడనివి రెండున్నాయి. కొత్తది చేతికి రాకముందే పాతది వదులుకోకండి. ముందు పాతది వదులుకుంటేనే ఇస్తాం అనే దేశాలున్నాయి, ఆస్ట్రియా లాంటివి అప్పుడు ‘ఫలానా గడువులో వదులుకుంటే పౌరసత్వం ఇస్తాం’ అని రాతపూర్వకంగా హామీ ఇస్తాయి, ఆ కాగితం లేకుండా అడుగు వేస్తే మధ్యలో ఏ దేశానికీ చెందకుండా ఉండిపోతారు. రెండోది, పౌరసత్వం లేకుండా పాస్‌పోర్ట్ మాత్రం ఇప్పిస్తామనే వాళ్ళ దగ్గరకు వెళ్ళకండి. ఇప్పుడు లేని దేశాల పేర్లతో, రొడీషియా, బ్రిటిష్ హోండురాస్ అంటూ, పుస్తకాలు ముద్రించి అమ్మిన చరిత్ర ఉంది. నిజమైన పుస్తకమే లోపలి మనిషి చేత ఇప్పిస్తామనే వాళ్ళూ ఉంటారు. మీ పేరుతో ఆ దేశం ఇచ్చిన పౌరసత్వ ధ్రువపత్రం లేకపోతే ఆ పాస్‌పోర్ట్ ఎంత అసలుదైనా దాని వెనక ఏమీ లేనట్టే. నిజంగా వచ్చాక కూడా జాగ్రత్తగా దాచాల్సింది ఆ ధ్రువపత్రాన్నే, పాస్‌పోర్ట్ పోతే ఇంకోటి ఇస్తారు.

ఇక తీసుకోమంటారా అన్న మీ ప్రశ్న. ఇప్పుడు వద్దు అంటాను. మీ దగ్గర డబ్బు పుష్కలంగా ఉండి, ఇప్పుడున్న పాస్‌పోర్ట్ పోయినా ఫరవాలేదనుకుని, కొన్ని దేశాలకు వీసా తప్పితే చాలు అనుకుంటే నేను అంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు. కానీ దాచుకున్న దాంట్లో చాలా భాగం అన్నారు, ఇద్దరు పిల్లలున్నారు, ఉద్యోగం గురించే భయపడుతున్నారు. ఉద్యోగం పోయిన రోజున మిమ్మల్ని నిలబెట్టేది ఆ దాచుకున్న డబ్బే. అందులో కొంత పెట్టి, మీరు ఉంటున్న దేశంలో లైసెన్స్ ఉన్న ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో గంట సేపు మాట్లాడండి, మీ తొమ్మిదేళ్ళ ప్రయాణాల పట్టిక పట్టుకెళ్ళి.

మీ పాస్‌పోర్ట్ ఏ దేశానిదో, ఉంటున్నది ఎక్కడో, పిల్లలు ఎక్కడ పుట్టారో నాకు ఇంకో ఉత్తరం రాయండి. పిల్లలు పుట్టిన చోటును బట్టి మీకు తెలియని దారి ఒకటి ఉండే అవకాశం ఉంది. ఉదాహరణకి బ్రెజిల్‌లో పుట్టిన బిడ్డ పుట్టుకతోనే అక్కడి పౌరుడు, ఆ తల్లిదండ్రులకు కూడా నివాసం, పౌరసత్వం దారి దగ్గరవుతుంది. అవి తెలిస్తే మిగతాది దాన్నిబట్టి చెబుతాను.